జ్ఞానమ్మ టీచర్ చెయ్యి

ఏలీశమ్మ చేతులు మూడుసార్లు కడుక్కుంది. ముందు సబ్బుతో, తర్వాత పుల్లమజ్జిగతో, ఆఖరికి కొబ్బరినూనె రాసుకుని పాతగుడ్డతో తుడుచుకుంది. అయినా గోళ్ళ సందుల్లో మంట అట్లాగే ఉంది. పొద్దున పిల్లలు రాకముందు పక్క కల్లంలో గంటసేపు రంగు పోయిన తాలుకాయలు ఏరి వచ్చింది. మిరప ఘాటు చేతికి పట్టుకుంటే మొండిచుట్టం ఇంట్లో దిగినట్టే, పొమ్మన్నా పోదు.

"కూర్చో అత్తా, వెలుగు బాగుంది," అన్నాడు జయకర్.

కిటికీ పక్కన బల్ల. బల్ల మీద గీతల కాగితాలు, నీలం సిరా పెన్ను. జయకర్ ఫోన్‌ని ఇనపకర్రకు బిగించి, కాగితం మీదికి వంచి, ఒక కన్ను మూసి చూసుకున్నాడు.

"మొహం రాకూడదు. మణికట్టు దాకా చాలు."

సొరుగులోంచి నల్లతోలు పట్టీ ఉన్న వాచీ తీసి ఆమె కుడిచేతికి కట్టాడు. అందరూ ఎడమచేతికి కట్టుకుంటారు గానీ జ్ఞానమ్మ టీచర్ కుడిచేతికే కట్టుకునేది. పట్టీ బిగిసేసరికి వాచీ కొట్టుకోవడం, నాడి కొట్టుకోవడం ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఎవరిదో ఏలీశమ్మకు తెలియలేదు.

"ఊఁ, రాయి. బాబూ భానుప్రకాష్..."

రాసింది. బాబూ భానుప్రకాష్, నువ్వు పంపింది అందింది. నిన్న మన పిల్లలు ముప్ఫై ఎనిమిది మంది పప్పూ గుడ్డూ తిన్నారు. దేవుడు నిన్నూ నీ ఇంటినీ చల్లగా చూడాలి. కింద కుడిపక్కన కొంచెం పైకి వాలుగా, మీ జ్ఞానమ్మ టీచర్ అని రాసి చుక్క పెట్టింది.

జ్ఞానమ్మ టీచర్‌ను మట్టిలో పెట్టి నలభై మూడు రోజులైంది.

ఊళ్ళో అందరికీ తెలుసు. అందరూ వచ్చి పిడికెడు మట్టి వేసిపోయినవాళ్ళే. ఫోన్లో ఉన్నవాళ్ళకే తెలియదు. జయకర్ టీచర్ తమ్ముడి కొడుకు. 'కోతల పిల్లల ఇల్లు' అని ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టింది అతనే. కర్నూలు వైపు నుంచి మిరపకోతలకు దిగిన ఆడవాళ్ళు చేలల్లో వంగి ఉంటే, వాళ్ళ పిల్లలు కల్లాల్లో ఎర్రటి ఘాటు మధ్య దొర్లకుండా, రొంపిచెర్ల రోడ్డు పక్క ఈ రేకుల ఇంట్లో అన్నం తిని, నాలుగు అక్షరాలు దిద్దుకుని, సాయంత్రం తల్లుల చంకనెక్కి పోతారు. ఎవరు ఎంత పంపినా, టీచర్ స్వయంగా ఒక చీటీ రాస్తే, రాసే చేతిని వీడియో తీసి పేజీలో పెట్టి, వాళ్ళకూ పంపేవాడు జయకర్. ఆ చెయ్యే పేజీని మోసింది. బెంగుళూరులో ఉన్నవాళ్ళు, విశాఖలో ఉన్నవాళ్ళు ఆ చేతి కోసమే పంపేవాళ్ళు.

టీచర్‌కు పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినప్పుడు, మంచం మీద నుంచి ఆమె చెబుతుంటే ఏలీశమ్మ రాసింది. యాభై రెండో ఏట టీచర్ తన చెయ్యి పట్టుకుని దిద్దించిన అక్షరాలే గాని ఏలీశమ్మ వేరే అక్షరాలు ఎరగదు. పక్కపక్కన పెడితే ఎవరిదేదో టీచరే చెప్పలేకపోయేది. ఆ తర్వాత టీచర్ పోయింది. సమాధి చేసిన మర్నాడు జయకర్ ఉబ్బిన కళ్ళతో వచ్చి, నాలుగు పేర్లు చెప్పాడు. ఏలీశమ్మ రాసింది. ఆగాల్సిన చోట చెయ్యి ఆగలేదు, అంతే.

"ఈ నెల దాటనీ అత్తా," అన్నాడు జయకర్ ఫోన్ విప్పుతూ. "కోతలు ఒక దారికి రానీ. మెల్లగా చెబుదాం."

పోయిన నెల కూడా ఇదే మాటన్నాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లల్ని వరసగా పడుకోబెట్టారు. తల్లులతో రాత్రిళ్ళు కల్లాల్లో పడుకుంటారు కాబట్టి సగంమందికి కళ్ళు మండి ఎర్రబడి ఉంటాయి. ఏలీశమ్మ తెల్లగుడ్డలు నీళ్ళల్లో ముంచి, పిండి, ఒక్కొక్కరి కళ్ళ మీద పరిచింది. బయట మాఘమాసపు ఎండ కదలకుండా నిలబడి ఉంది. కాకి కూడా అరవడం లేదు. మొహాల మీద తెల్లగుడ్డలేసుకుని ముప్ఫై ఎనిమిది మంది వరసగా పడుకుని ఉంటే ఏలీశమ్మ ఏ రోజూ కుదురుగా కూర్చోలేకపోయేది. గోడ పొడుగునా నడుస్తూ, వంగి, ప్రతివాడి ముక్కు దగ్గరా వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. ఆఖరివాడి దాకా చూసుకున్నాకే తాను కూర్చునేది.

పిల్లలకు పాఠం చెప్పే నిస్సీ గడప మీద కూర్చుని ఫోన్లో కామెంట్లు చదువుతోంది.

"ఆ చేతికి నా దండం, అంట ఒకాయన. ఇది విను పెద్దమ్మా. 'టీచర్ గారూ, రాత్రి మీరు కలలోకొచ్చి నా తల నిమిరారు. చెయ్యి చల్లగా ఉంది.'"

"చాల్లే, ఆపవే."

"ఇంకోటుంది. 'ఈ వయసులో కూడా చెయ్యి వణకట్లేదు, మీరు నూరేళ్ళుంటారు.'" నిస్సీ నవ్వబోయి మానుకుంది. "ఇదుగో చూడు, ఇక్కడ పచ్చచుక్క. టీచర్ ఇప్పుడు ఆన్‌లైన్లో ఉన్నారని."

ఏలీశమ్మ చూసింది. టీచర్ ఫోటో నవ్వుతోంది. పక్కన పచ్చచుక్క, ఇంట్లో మనిషి ఉన్నట్టు, వెలుగుతోంది.

"ఆ ఫోను ఎవరి దగ్గరుందే?"

"జయకర్ అన్న దగ్గర."

"మరి అట్టా చెప్పు. టీచర్ ఉందనబాకు."

బుధవారం జయకర్ మామూలు కంటే ముందే వచ్చాడు. బండి స్టాండు కూడా సరిగ్గా వేయకుండా లోపలికి వచ్చి, పొయ్యి దగ్గరే పీట లాక్కుని కూర్చున్నాడు. ఏలీశమ్మ పప్పు ఎనుపుతోంది.

"అత్తా, మన కష్టం గట్టెక్కింది. పేట నుంచి రోహిణి అని ఒకామె రాసింది. కోతలు అయిందాకా బియ్యం, పప్పు, నూనె మొత్తం వాళ్ళే పంపుతారంట. రేకులు కూడా మార్పిస్తారంట."

"దేవుడు చల్లగా చూడాల. చీటీ రాద్దాంలే, ఈ పప్పు దించనీ."

"చీటీ అంటే మామూలుది కాదు." ఫోన్ తీసి చదివాడు. "'టీచర్ గారూ, మా అమ్మ సుభాషిణి, మీతో కలిసి బళ్ళో పనిచేసింది. ఏడాదిగా మంచంలో ఉంది. మీ వీడియోలు రోజూ పెట్టించుకుని చూస్తుంది. మీకు ఒక అన్యాయం చేశానంటుంది, అదేంటో మాకు చెప్పదు. మీరు మీ చేత్తో క్షమించానని ఒక్కమాట రాసి పంపితే ప్రశాంతంగా ఉంటుంది.' అదీ సంగతి. ఒక్క ముక్క. సుభాషిణీ, నిన్ను క్షమించాను. సంతకం."

ఏలీశమ్మ చెయ్యి కడుక్కుని బల్ల దగ్గరికొచ్చింది. జయకర్ వాచీ కట్టాడు. పెన్ను కాగితానికి తగిలింది. సుభాషిణీ అని పడింది. ఎప్పుడూ రాయని పేరు. ఆ పేరు రాయడం చేతికి ముందే తెలిసినట్టు, ఎక్కడా తడుముకోకుండా, బరువుగా పడింది. ఏలీశమ్మ తన చేతి వంక చూసుకుంది. పెన్ను ఎత్తేసింది.

"దేనికి క్షమించాల?"

"ఎవరికి తెలుసు? ఆమె రాయలేదు గదా."

"తెలవకుండా ఎట్టా రాసేది?"

"నువ్వు క్షమించేది ఏముందత్తా? నువ్వు రాస్తన్నావు, అంతే."

ఏలీశమ్మకు టీచర్ శవపేటిక లేచిన రోజు గుర్తొచ్చింది. రోడ్డు మీద టీ అంగడి దగ్గర ఇద్దరు ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. నిలబడి, ఒకడు రెండోవాడితో, "రవ్వ జ్ఞానమ్మ పోయిందిరా," అన్నాడు. ఎప్పుడో బడిపిల్లలకు వచ్చిన గోధుమరవ్వ కాజేసిందని ఊరు పెట్టిన పేరు. ఆ పేరు టీచర్ ముందు నడిచేది, వెనక నడిచేది, ఆఖరికి పెట్టెతో పాటు సమాధుల దొడ్డిదాకా నడిచింది. టీచర్ మాత్రం ఒక్కనాడూ ఆ మాటెత్తలేదు. కోపం ఉందో, చల్లారిందో, లోపల దాచిందో ఎవరికీ తెలియదు.

"నేను రాయలేను జయకరూ."

"ఏంది?"

"ఇన్ని రోజులు రాసిందానికి నాకు నిద్ర పట్టకపోయినా రాశా. ఎందుకంటే పిల్లలు తిన్నారు. తిన్నమాట నిజం. కింద పేరు ఎవరిదైనా పైన మాట అబద్ధం కాదు. ఇది నాకు తెలవదు. టీచర్ లోపల ఏముందో నా చేతికి ఎట్టా తెలిసిద్ది?"

జయకర్ తల పట్టుకున్నాడు. కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది ఆ మొహంలో.

"టీచర్ పోయిందని పెడితే ఏమైద్దో నీకు తెలుసా? రెండు రోజులు దండాలు పెడతారు, దీపాల బొమ్మలు పెడతారు. మూడో రోజు ఎసట్లోకి బియ్యం ఉండవు. ఈ పిల్లలు యాడికి పోతారు? మళ్ళా కల్లంలోకే. నాకు మాత్రం సరదానా? ఆమె నా మేనత్త. నన్ను పెంచింది."

 లోపల పిల్లల్లో ఎవడో దగ్గాడు. ఆమె వాచీ పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, పప్పు మాడుతుందేమోనని పొయ్యి దగ్గరికి నడిచింది.

గురువారం మధ్యాహ్నం నిస్సీ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"మంచిపని చేశావు పెద్దమ్మా. ఆ రోహిణి ఎంత సంతోషపడిందో చూడు. వాళ్ళమ్మ ఏడ్చిందంట."

"ఏం మంచిపని?"

"రాసిచ్చావు గదా."

ఫోన్లో చీటీ ఉంది. గీతల కాగితం. నీలం సిరా. సుభాషిణీ, నిన్ను ఎప్పుడో క్షమించాను. మనసులో ఏమీ పెట్టుకోకు. కింద కుడిపక్కన కొంచెం పైకి వాలుగా, జ్ఞానమ్మ టీచర్. చుక్క.

ఏలీశమ్మ గరిటె పక్కన పెట్టింది. అది తన రాతే. అందులో అనుమానం లేదు. నిద్రలో లేచి రాశానా అనుకుంది. కుడిచేతి వేళ్ళు వెలుగులో పెట్టి చూసుకుంది. సిరా మరక లేదు. బల్ల దగ్గరికి వెళ్ళి కాగితాలు తిరగేసింది. నిన్నటి కాగితం అట్లాగే ఉంది, సుభాషిణీ అన్న ఒక్క మాటతో, మిగతా అంతా ఖాళీగా.

"ఫోను ఇటియ్యి. పెద్దది చెయ్యి."

నిస్సీ వేళ్ళతో లాగి పెద్దది చేసింది. ఏలీశమ్మ వంగి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మిరపకాయలు ఏరిన కళ్ళు అవి. ఒకే చెట్టున ఒకే కొమ్మన కాసినా రెండు కాయలు ఒక్కలా ఉండవు. ఒకటి వంకర పోతుంది, ఒకదాని తొడిమ కుదించుకుంటుంది. ఈ చీటీలో 'సు' రెండుసార్లు ఉంది. రెండూ ఒక్కటే. తోక ఎక్కడ సన్నబడిందో రెండింట్లోనూ అక్కడే సన్నబడింది. సిరా ఎక్కడ చిక్కబడిందో అక్కడే చిక్కబడింది.

"ఇది చెయ్యి రాసింది కాదే," అంది.

జయకర్ సాయంత్రం పిల్లలు వెళ్ళేటప్పుడు వచ్చాడు. అడిగితే దాచలేదు.

"పేటలో డీటీపీ షాపు ఉంది గదా, నవీద్ అని ఒకతనిది. నీ చీటీల ఫోటోలన్నీ ఇచ్చా. ఒక్కో అక్షరం కోసి ఫోన్లో పెట్టిచ్చాడు. మనం టైపు కొడితే నీ రాతలో వచ్చిద్ది. వాడికేం తెలవదులే. రోజుకు యాభైమంది పంపుతుంటే నువ్వు ఎంతని రాస్తావు? నీకే కష్టం లేకుండా పోయింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వారమయింది. వీడియో అడిగినవాళ్ళకే నీ చేత రాయిస్తన్నా. మిగతావి అవే."

"నేను రాశాననుకున్న వాటిల్లో నేను రాయనివి ఉన్నాయా?"

"అత్తా, తేడా ఏముంది? ఆమెకు బదులు నువ్వు. నీకు బదులు ఇది." చిన్నగా నవ్వాడు. "ఇంక నువ్వు మజ్జిగతో చేతులు కడుక్కునే పని లేదు. వంట చూసుకో."

తల్లులు వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు. వాళ్ళ చీరలకు అంటిన ఘాటుకి ఏలీశమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని నిస్సీని పక్కకు పిలిచింది.

"ఆ రోహిణి ఇల్లు ఎక్కడో ఫోన్లో ఉందా?"

"ఉంది. పేటలోనే."

"రేపు అన్నాలయినాక పోదాం. జయకర్‌కి చెప్పబాక."

శుక్రవారం పిల్లల కాపలాకు ఒక తల్లిని కూర్చోబెట్టి, ఎండ నడినెత్తిన ఉండగా పేట టౌనుకు ఆటో ఎక్కారు. కోటప్పకొండ తిరునాళ్ళకు పది రోజులుంది. దారిపొడుగునా ఊరూరా కొండకు తోలుకుపోయే ప్రభలు కడుతున్నారు. ఇంకా గుడ్డ చుట్టలేదు, దీపాలు కట్టలేదు. తాటిచెట్ల కంటే ఎత్తున వెదురు ఎముకలు మాత్రం లేచి నిలబడి ఉన్నాయి. వాటి కింద మనుషులు లేరు, అందరూ అన్నాలకు పోయినట్టున్నారు. ఆటో పక్కగా పోతుంటే ఆ బొంగుల నీడలు ఏలీశమ్మ ఒళ్ళో పడి, గళ్ళుగళ్ళుగా జరిగి, వెనక్కి పోయాయి. ఒళ్ళో ఉన్న తన చేతుల మీద కూడా పడ్డాయి. ఆమె చేతుల్ని కొంగు కింద పెట్టుకుంది.

"ఏమని చెబుతావు పెద్దమ్మా?" అంది నిస్సీ. "ఆ బియ్యం రాకపోతే సోమవారం నుంచి పిల్లలకు ఏం పెడతాం?"

"తెలవదే. నన్నడగబాక, భయమేసిద్ది."

రోహిణి తలుపు తీసింది. నలభై దాటిన మనిషి, నిద్రలేని కళ్ళు. పిల్లల ఇంటి నుంచి వచ్చామనగానే ఇద్దరి చేతులూ పట్టుకుంది. "టీచర్ గారు పంపారా! అమ్మా, చూడు ఎవరొచ్చారో."

మంచం మీద సుభాషిణి దిండ్లకు ఆనుకుని ఉంది. కుడివైపు మొహం కొద్దిగా జారింది. కుడిచెయ్యి దుప్పటి మీద, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉంది. ఎదురుగా స్టాండు మీద ఫోన్.

"రోహిణీ, కాఫీ పెట్టమ్మా," అంది. కూతురు వంటింట్లోకి వెళ్ళేదాకా చూసి, మాట కొంచెం ముద్దముద్దగా వస్తున్నా, నింపాదిగా అడిగింది. "ఎవరమ్మా నువ్వు?"

"ఏలీశమ్మ అంటారండీ. అక్కడ వంట చేస్తా. అమ్మగారూ, మీకు ఒక సంగతి చెప్పాల. జ్ఞానమ్మ టీచర్..."

"పోయింది. క్రిస్మస్ వెళ్ళిన మూడోనాడు."

నిస్సీ ఏలీశమ్మ భుజం పట్టుకుంది.

"రిటైరయినవాళ్ళ గ్రూపు ఉంది మాకు. ఫోటోకి దండేసి పెట్టారు. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు."

"తెలిసే అడిగారా?" అంది ఏలీశమ్మ.

"తెలిసే అడిగాను. మా రోహిణికి తెలియదు." సుభాషిణి కళ్ళు ఫోన్ వైపు తిరిగాయి. "బతికున్నప్పుడు ఎన్నిసార్లు ఎదురుపడిందో. బస్టాండులో, బ్యాంకులో. అడుగుదామని నోటిదాకా వచ్చేది. ఆమె నన్ను చూసే చూపుకి మళ్ళా లోపలికి పోయేది. కాదంటే ఏం చేయను? పోయిందని తెలిసిన మర్నాడు పేజీ తెరిస్తే చీటీ రాస్తూ ఉంది. ఆ మర్నాడు కూడా. ముందు భయమేసింది. తర్వాత అనిపించింది, ఇప్పుడు అడగొచ్చు, ఇప్పుడు కాదనదు అని."

ఫోన్ గంట కొట్టింది. ముగ్గురూ అటు చూశారు. తెర వెలిగి, జ్ఞానమ్మ టీచర్ నవ్వుమొహం, దాని కింద గీతల కాగితం. సుభాషిణీ, మందులు వేసుకున్నావా? నీ కోసం ప్రార్థన చేస్తున్నాను. కింద పేరు. చుక్క. పచ్చచుక్క వెలుగుతోంది.

సుభాషిణి చూపు తెర మీద నుంచి మెల్లగా దిగి, ఏలీశమ్మ ఒళ్ళో ముడుచుకుని ఉన్న చేతుల మీద ఆగింది.

"నువ్వేగదా రాసేది? ఆ గోళ్ళు నేను రోజూ చూస్తాను. ఆ బొటనవేలి మీద కాలిన మచ్చ."

"మొన్నటిదాకా నేనే."

"మరి ఇది?"

"ఇది ఎవరూ రాయలా."

సుభాషిణి ఎడమచెయ్యి దుప్పటిని పట్టుకుంది.

"నిన్న వచ్చింది?"

"అదీ అంతే."

"అంటే నన్ను క్షమించింది... ఎవరూ కాదా?"

"ఎవరూ కాదండీ."

"అది తిప్పెయ్యి. నా వైపు చూడకుండా తిప్పెయ్యి," అంది సుభాషిణి. నిస్సీ ఫోన్‌ను గోడ వైపు తిప్పింది. గోడ మీద కాసేపు తెర వెలుతురు పడి, ఆరిపోయింది.

సుభాషిణి ఏలీశమ్మ వైపు తిరిగింది. "అయితే నువ్వు రాయి. ఆమె నేర్పిన చెయ్యి గదా, నువ్వు రాస్తే ఆమె రాసినట్టే. మా వాళ్ళు బియ్యం పంపుతారు. మాట తప్పను."

ఏలీశమ్మకు పిల్లలు కళ్ళ ముందు మెదిలారు. తెల్లగుడ్డల కింద ఊపిరి. ఒక్కమాట రాస్తే కోతలు అయిందాకా అన్నం. రాసినా ఈమెకు, తనకు, ఈ పిల్లకు తప్ప ఎవరికీ తెలియదు. నిస్సీ సంచిలోంచి పుస్తకం, పెన్ను తీసి ఇచ్చింది. ఏలీశమ్మ పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు కాగితం వంక చూసింది.

"అది నా దగ్గర లేదమ్మగారూ," అంది చివరికి. "టీచర్ నాకు అది ఇచ్చి పోలా. లేనిది ఎట్టా రాసేది? మీ దగ్గర ఉన్నది చెప్పండి. అది రాస్తా."

"నా దగ్గర ఏముంది?"

"జరిగింది."

వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. సుభాషిణి కళ్ళు మూసుకుంది. ఒప్పుకోదేమో అనుకుంది ఏలీశమ్మ. లేచి వెళ్ళిపోదామని కూడా అనుకుంది.

"ఎనభై ఆరో సంవత్సరం," అంది సుభాషిణి కళ్ళు తెరవకుండానే. "పిల్లలకు గోధుమరవ్వ వచ్చేది, మూటలు. మా మరిది కృష్ణయ్య బండి కట్టుకుని వచ్చి నాలుగు మూటలు వేసుకుపోయాడు. ఆఫీసరు వచ్చి లెక్క చూస్తే తగ్గింది. జ్ఞానమ్మ మీద పడింది. అందరూ ఆమే తీసిందన్నారు."

పెన్ను ఆగింది. "అందరూ అన్నారని రాయనా, మీరు అన్నారని రాయనా?"

సుభాషిణి కళ్ళు తెరిచింది. ఆ చూపులో ఒక్క క్షణం పాత పంతులమ్మ కనిపించింది. బళ్ళో తనకు కుర్చీ, జ్ఞానమ్మకు పీట ఉన్న రోజులనాటి చూపు. అది ఎంతోసేపు నిలబడలేదు.

"నేను అన్నాను. కొట్టుగది తాళంచెవి జ్ఞానమ్మ దగ్గరే ఉందని కాగితం మీద సంతకం పెట్టాను. సంతకం పెడుతున్నప్పుడు తాళంచెవి నా కొంగుకు కట్టి ఉంది. అది ఆమె చూసింది. చూసి ఏమీ అనలేదు. రెండేళ్ళు ఆమెకు జీతం లేదు."

ఏలీశమ్మ రాస్తూనే ఉంది. నుదుటి మీద చెమట పట్టింది. కాఫీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని రోహిణి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"అమ్మా," అంది.

"సంతకం ఎట్టా పెట్టను?" అంది సుభాషిణి. ఎడమచేత్తో పెన్ను పట్టుకోబోతే జారి పడింది. "పెన్షన్ కాగితాలకు తెచ్చిన స్టాంపు ప్యాడు సొరుగులో ఉంది రోహిణీ. తియ్యి."

రోహిణి కదల్లేదు. తర్వాత పళ్ళెం కింద పెట్టి, సొరుగు లాగి, ప్యాడు తెచ్చి ఏలీశమ్మ చేతికి ఇచ్చింది, తల్లికి ఇవ్వలేదు.

ఏలీశమ్మ మంచం పట్టె మీద కూర్చుని సుభాషిణి ఎడమచేతి బొటనవేలు తన చేతిలోకి తీసుకుంది. చల్లగా, పిండిముద్దలా ఉంది. ప్యాడు మీద అద్దింది. సుభాషిణి కాగితం మీద గట్టిగా పొడవబోయింది.

"నొక్కకూడదమ్మగారూ. నొక్కితే మచ్చ పడిద్ది, ముద్ర పడదు. ఇట్టా దొర్లించాల. ఈ పక్క నుంచి ఈ పక్కకి. నాకు వదిలెయ్యండి, నేను యాభైరెండేళ్ళు వచ్చిందాకా ఇదే వేశా."

ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన వేలు, ఏలీశమ్మ వేళ్ళ మధ్య మెల్లగా దొర్లింది. గీతలు గీతలుగా, ఎక్కడా చెదరకుండా ముద్ర పడింది. దాని పక్కన ఏలీశమ్మ, ఇది సుభాషిణి గారి వేలిముద్ర అని రాసింది. పైన ఖాళీ ఉంచిన చోట, జ్ఞానమ్మ టీచర్ కిందటి డిసెంబరులో చనిపోయారు, ఆ తర్వాత వచ్చిన చీటీలు ఆమెవి కావు అని రాసింది. అన్నిటికంటే కింద, రాసింది ఏలీశమ్మ అని రాసింది. తన పేరు తాను ఎన్నోసార్లు రాసుకుంది గానీ ఇట్లా ఎప్పుడూ చూసుకోలేదు. కొంచెం పైకి వాలుగా, టీచర్ పేరు ఎట్లా పడేదో అట్లాగే పడింది.

"ఇది అందరికీ చూపిస్తావా?" అంది సుభాషిణి.

"చూపిస్తానండీ. ఊళ్ళో టీ అంగడి దగ్గర ముసలాళ్ళకు కూడా చదివి వినిపిస్తా."

"బియ్యం..."

"పంపితే పిల్లలకు పంపండి. దీనికని పంపబాకండి."

ఏలీశమ్మ రోహిణి వైపు చూసింది. రోహిణి తల్లి వేలికి అంటిన సిరా వంక చూస్తోంది, తుడవడానికి గుడ్డ తేలేదు.

బయట మెట్ల మీద నిస్సీ కాగితాన్ని ఫోటో తీసింది. పేజీలో పోస్టు పెట్టే వీలు ఆమె ఫోన్లో కూడా ఉంది.

"పెట్టనా పెద్దమ్మా? పెడితే మళ్ళా తీయలేం."

ఏలీశమ్మ కాగితం తీసుకుని, ఎండలో, ప్రతి మాట కిందా వేలు నడిపిస్తూ మొదటి నుంచి చివరిదాకా చదువుకుంది. ఒకచోట దీర్ఘం తక్కువైతే పెట్టింది. నిస్సీ ఇంకో ఫోటో తీసింది.

"పెట్టు."

నిస్సీ పెట్టింది. వీధిలో ఎవరూ లేరు. ఇద్దరూ ఫోన్ వంక చూస్తూ కూర్చున్నారు. ఒక్క దండం రాలేదు, ఒక్క కామెంట్ రాలేదు. చాలాసేపు ఆ ఫోన్లో ప్రపంచమంతా ఊపిరి బిగబట్టినట్టుంది. ఆ తర్వాత ఫోన్ నిస్సీ చేతిలో వణికింది. జయకర్.

నిస్సీ బెదిరి ఏలీశమ్మ వైపు చూసింది. ఏలీశమ్మ ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

"నిస్సీ!" జయకర్ రొప్పుతున్నాడు. "పేజీలో ఏందది? ఎవరు రాశారే ఇది?"

"నేను," అంది ఏలీశమ్మ.